దారిన పోయేవారి తీర్పులు – తల్లిదండ్రుల సహనం

బస్సులో బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే చాలు, తల్లి మీద తీర్పులు మొదలవుతాయి. రాజమండ్రి నుంచి అమలాపురం వెళ్లే బస్సయినా, గోదావరి రేవులో పంటు అయినా ఇదే పరిస్థితి. "ఏమ్మా, పిల్లాడిని ఊరుకోబెట్టలేవా?" అని ఒకరంటారు. "ఈ కాలం తల్లులకు పెంపకం ఎక్కడ తెలుసండి" అని పక్కవారు అందుకుంటారు. నిఖా విందులో పిల్లాడు అన్నం ముట్టకపోతే గారాబం చేసి చెడగొట్టారంటారు. గట్టిగా మందలిస్తే రాతిగుండె అంటారు. లోకులు కాకులని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ మాటలన్న వారు తర్వాతి స్టేజీలో దిగిపోతారు. తామన్నది వారికి సాయంత్రానికి గుర్తుండదు. బాధ మిగిలేది తల్లికి, అంతకంటే ఎక్కువగా బిడ్డకు. నలుగురిలో తలవంపులయ్యాయన్న ఉక్రోషంతో ఆ తల్లి బిడ్డ వీపు మీద ఒక్కటి చరుస్తుంది. ఆ దెబ్బ బిడ్డ చేసిన తప్పుకు పడింది కాదు. తాను చేతకాని తల్లిని కానని ఎదుటివారికి రుజువు చేసుకోవడానికి పడింది. బిడ్డకు మాత్రం ఆ తేడా తెలియదు. కష్టంలో ఉన్నప్పుడు అమ్మ తన పక్షాన నిలబడలేదన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. పరాయివారి మాటకు ఎలా స్పందించాలన్నది చిన్న విషయం కాదని మేము అనడానికి కారణం ఇదే.

బిడ్డ విషయంలో జనం నోటికి గురైన తల్లుల్లో హజ్రత్ మర్యమ్ (అ) ను మించినవారు లేరు. పసికందును ఎత్తుకుని తన వారి మధ్యకు వచ్చినప్పుడు వారు ఆమెను ఎంత నిలదీశారో దివ్య ఖుర్ఆన్ మర్యమ్ సూరాలో చదువుతాం. ఆమె వాదనకు దిగలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. ఆ రోజు మౌనం పాటించమన్న దైవాజ్ఞను శిరసావహించి, బిడ్డ వైపు చూపి ఊరుకున్నారు. అడిగిన ప్రతివారికీ జవాబు చెప్పవలసిన బాధ్యత తల్లి మీద లేదని ఈ ఉదంతం మనకు నేర్పుతోంది.

అలాగని ఎవరేమన్నా పెడచెవిన పెట్టడం వివేకం కాదు. విన్న మాట ఎలాంటిదో ముందు తేల్చుకోవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన డెల్టాలో ఊరూరా కాలువలే. "పిల్లాడు గట్టు చివరికి వెళ్తున్నాడు, చూసుకోమ్మా!" అని ఎవరో కేకేస్తే, ఆ గొంతు కటువుగా ఉన్నా అది మేలు చేసే మాట. ముందు బిడ్డను పట్టుకోవాలి, తర్వాత ఆ మనిషికి కృతజ్ఞత చెప్పాలి.

రెండో రకం మాటలు ఉచిత సలహాలు. పాలు పట్టే పద్ధతి, కట్టే బట్ట, చదివించే బడి మొదలు అన్నింటికీ సలహాదారులు ఉంటారు. "అలాగేనండి" అని చిరునవ్వుతో ఊరుకుంటే సరిపోతుంది. వాదించి గెలిచినా ఒరిగేదేమీ లేదు.

మూడో రకం బిడ్డను కించపరిచే మాటలు. నల్లగా ఉందనీ, మొద్దు అనీ, నత్తి అనీ బిడ్డ వింటుండగానే అనేస్తారు. ఆటిజం ఉన్న పిల్లలు జనం రద్దీకి బెదిరి కేకలు పెడితే, అది పెంపకంలో లోపమని తేల్చేస్తారు. ఇక్కడ మౌనం తగదు. కోపం లేకుండా ఒక్క మాట చెప్పాలి: "మా అబ్బాయికి ఇంత సందడి పడదండి. కాసేపట్లో సర్దుకుంటాడు." ఈ జవాబు ఎదుటివారిని మార్చినా మార్చకపోయినా, బిడ్డ వినాలి. తన తరఫున మాట్లాడేవారు ఉన్నారన్న ధైర్యం బిడ్డకు కలగాలి.

మన జిల్లాల్లో మరింత కఠినమైన తీర్పును మోస్తున్న తల్లులున్నారు. ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు ఇంటి పనికి వెళ్లారు, వెళ్తున్నారు. పరాయి ఇంటి పిల్లల్ని సాకి, ఆ జీతంతో తమ పిల్లల ఫీజులు కడతారు. "కన్నబిడ్డల్ని వదిలేసి పోయిన మనిషి" అని ఊరు అంటుంది. ఆ మాట నానీ దగ్గర పెరుగుతున్న బిడ్డ చెవిన పడక మానదు. అప్పుడు నానీ కన్నీరు పెట్టుకుంటే బిడ్డ అదే నిజమనుకుంటుంది. "మీ అమ్మీ నిన్ను వదిలేసి పోలేదమ్మా. నీ చదువు కోసమే అంత దూరంలో కష్టపడుతోంది" అని అప్పటికప్పుడు చెప్పాలి. అమ్మీ ఫోన్ చేసినప్పుడు బిడ్డ చేతికి ముందుగా ఇవ్వాలి. తల్లి ఎడబాటు బిడ్డకు బాధే, ఆ సంగతి దాచనవసరం లేదు. ఆ బాధకు అవమానం తోడు కాకుండా చూడటం మాత్రం ఇంట్లోని పెద్దల బాధ్యత.

ఈ గోదావరి ఒడ్డునే ఎగువన చూద్దాం. నది తెలంగాణలో అడుగుపెట్టేది నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద. ఆ నిజామాబాద్ అమ్మాయే బాక్సర్ నిఖత్ జరీన్. నలుగురు ఆడపిల్లలున్న ముస్లిం కుటుంబం. నిక్కర్లు వేసుకునే ఆట ఆడపిల్లకెందుకని బంధువులు, స్నేహితులు అన్నారని ఆమె తండ్రి ముహమ్మద్ జమీల్ అహ్మద్ తర్వాత చెప్పుకొచ్చారు. ఆయన మాత్రం కూతురి పట్టుదలను చూశారు, ఆమె వెంట నిలిచారు. ఆమె 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయ్యారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచారు.

పతకాలు వచ్చాయి కాబట్టే ఆ తండ్రి నిర్ణయం సరైనదైందని మేము అనడం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమె ప్రీ క్వార్టర్స్‌లోనే ఓడిపోయారు. అంతమాత్రాన ఆయన నిర్ణయం తప్పయిపోలేదు. బిడ్డను దగ్గరగా చూసి తీసుకున్న నిర్ణయానికి గెలుపోటములు కొలమానం కావు.

ఇక బిడ్డను ఎరిగిన పంతులుగారు, వైద్యులు, పదేళ్లుగా పక్కింట్లో ఉంటున్న ఖాలా ఒక లోపాన్ని ఎత్తి చూపితే సంగతి వేరు. చేదుగా ఉన్నా ఆ మాటను ఇంటికి తెచ్చుకుని భార్యాభర్తలు ఆలోచించుకోవాలి. బిడ్డను తెలిసి అన్నారా, తెలియక అన్నారా అన్నదే చూడవలసినది. బయట విన్న ఎగతాళి మాటను మాత్రం కోపంలోనైనా ఇంట్లో వాడకూడదు. వీధిలో ఒకసారి విన్న మాటను బిడ్డ మరచిపోవచ్చు గాని, అమ్మీ నోట విన్నది మరచిపోదు.

చివరిగా ఒక సంగతి. మన బిడ్డల విషయంలో వారు పరాయివారైనట్టే, ఇతరుల బిడ్డల విషయంలో మనమూ పరాయివారమే. దైవప్రవక్త (సఅసం) నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును క్లుప్తం చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. బిడ్డను ఎందుకు తెచ్చావని ఆ తల్లిని తప్పుపట్టలేదు, ఆమె ఇబ్బందిని తగ్గించారు. ఈసారి బస్సులో పక్కవారి బిడ్డ ఏడిస్తే సలహా ఇవ్వకుండా కిటికీ పక్క సీటు ఇద్దాం. ఆ తల్లి చేతిలోని సంచి కాసేపు పట్టుకుందాం.