స్పెక్ షీట్‌లో రాయని ఒక్క విషయం: నంబర్ 1 సెంటర్లు, వాళ్ల మోకాళ్లు, మన అంచనాలు

కొత్త ఫోన్ లాంచ్ అయితే మనం ముందు చూసేది స్పెక్ షీట్. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత. రెండేళ్లు వాడాక ఆ ఫోన్ ఎలా ఉంటుందో మాత్రం అందులో ఉండదు. అది వాడితేనే తెలుస్తుంది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జరిగే డ్రాఫ్ట్ కూడా ఇంచుమించు ఇంతే. కుర్రాడి ఎత్తు, చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత, నిలబడిన చోటు నుంచి ఎంత ఎగురుతాడు, ఇవన్నీ అంగుళాల్లో కొలుస్తారు. అతని మోకాలు ఎన్ని సీజన్లు వస్తుందో చెప్పే కాలమ్ మాత్రం ఆ షీట్‌లో లేదు.

బాస్కెట్‌బాల్ ఫాలో అవ్వని వాళ్ల కోసం డ్రాఫ్ట్ గురించి రెండు ముక్కలు. ప్రతి ఏడాదీ కొత్త ఆటగాళ్లని టీమ్‌లు వరుసగా ఎంచుకుంటాయి. పోయిన సీజన్లో అడుగున ఉన్న టీమ్‌లకి లాటరీలో ముందు నంబర్ వచ్చే ఛాన్స్ ఎక్కువ. అంటే నంబర్ 1 కుర్రాడు సాధారణంగా వెళ్లేది వరసగా ఓడిపోయి నీరసపడిన ఊరికి. అతను సెంటర్ అయితే, అంటే రింగ్ దగ్గర నిలబడి రెండు వైపులా ఆటని శాసించే పొడుగు ఆటగాడైతే, ఆశలు ఇంకా ఎక్కువ. వయసేమో పంతొమ్మిదో ఇరవయ్యో.

2007: పోర్ట్‌ల్యాండ్ వేసిన లెక్క

ఆ ఏడాది నంబర్ 1 గ్రెగ్ ఓడెన్. 7 అడుగుల ఎత్తు, 110 కిలోల పైన బరువు. ఒహైయో స్టేట్ యూనివర్సిటీకి ఆడింది ఒక్క సీజనే. కుడి మణికట్టుకి సర్జరీ అవ్వడంతో సీజన్ కాస్త లేటుగా మొదలుపెట్టి, ఫ్రీ త్రోలు ఎడమ చేత్తో వేశాడు. అలా ఆడుతూనే టీమ్‌ని కాలేజీ ఫైనల్‌కి చేర్చాడు. ఫ్లోరిడాతో ఆ ఫైనల్ ఓడిపోయారు కానీ ఓడెన్ స్కోర్ చూడండి: 25 పాయింట్లు, 12 రీబౌండ్లు, 4 బ్లాకులు.

అదే డ్రాఫ్ట్‌లో కెవిన్ డురాంట్ అనే బక్కపల్చటి కుర్రాడు కూడా ఉన్నాడు. డ్రాఫ్ట్‌కి ముందు పెట్టే ఫిట్‌నెస్ టెస్టుల్లో 185 పౌండ్ల బార్‌ని, అంటే దాదాపు 84 కిలోలు, ఒక్కసారి కూడా బెంచ్ ప్రెస్ చెయ్యలేకపోయాడు. పోర్ట్‌ల్యాండ్ ట్రైల్ బ్లేజర్స్ ఓడెన్‌ని తీసుకుంది. డురాంట్ నంబర్ 2గా సియాటిల్‌కి వెళ్లాడు. స్పెక్ షీట్ మాత్రమే చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తర్వాత జరిగింది ఇదీ:

- సెప్టెంబర్ 2007: కుడి మోకాలికి మైక్రోఫ్రాక్చర్ సర్జరీ. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మొదటి సీజన్ మొత్తం పోయింది.
- 28 అక్టోబర్ 2008: లేకర్స్ మీద తొలి మ్యాచ్. 13 నిమిషాలు ఆడి, పాదానికి దెబ్బతో బయటికి.
- ఫిబ్రవరి 2009: మోకాలి చిప్పలో చిన్న ఎముక ముక్క ఊడింది. కొన్ని వారాలు బయట.
- 5 డిసెంబర్ 2009: హ్యూస్టన్‌తో మ్యాచ్‌లో షాట్ అడ్డుకోబోయి కుప్పకూలాడు. ఎడమ మోకాలి చిప్ప విరిగింది. సీజన్ అయిపోయింది.
- నవంబర్ 2010: ఎడమ మోకాలికి మైక్రోఫ్రాక్చర్.
- ఫిబ్రవరి 2012: ఎడమ మోకాలికి మళ్లీ మైక్రోఫ్రాక్చర్. మార్చిలో టీమ్ అతన్ని వదిలేసింది.

పోర్ట్‌ల్యాండ్ తరఫున మొత్తం ఆడిన లీగ్ మ్యాచ్‌లు 82. ఎన్‌బీఏలో ఒక టీమ్ ఒక్క సీజన్లో ఆడేవి కూడా సరిగ్గా 82. ఐదేళ్లలో ఒక సీజన్ ఆడాడన్నమాట.

ఆట లేకపోవడం వల్ల ఇలా అయిందా అంటే, కానే కాదు. చిప్ప విరిగే ముందు ఆ సీజన్లో 21 మ్యాచ్‌లు ఆడాడు. మ్యాచ్‌కి 24 నిమిషాల లోపే కోర్టులో ఉంటూ సగటున 11.1 పాయింట్లు, 8.5 రీబౌండ్లు, 2.3 బ్లాకులు. పెర్ఫార్మెన్స్ షీట్‌లో చెప్పినట్టే ఉంది. నిలబడనివి మోకాళ్లు.

మైక్రోఫ్రాక్చర్ అంటే ఏంటో కూడా చూద్దాం. మోకాలి కీలులో ఎముకల కొసల మీద నున్నటి మృదులాస్థి ఉంటుంది. అది అరిగితే తనంతట తాను మళ్లీ పెరగదు. అందుకని డాక్టర్లు ఆ చోట ఎముకకి సన్నటి రంధ్రాలు చేస్తారు. లోపలి మజ్జ నుంచి రక్తం ఊరి, గడ్డకట్టి, నెమ్మదిగా ఒక కొత్త పొరగా మారుతుంది. చిక్కేంటంటే, ఆ కొత్త పొర ఒరిజినల్ అంత గట్టిది కాదు. అతుకు అతుకే.

పెద్ద శరీరం, పాత గణితం

పొడుగు వాళ్లకి కాళ్ల మీద భారం ఎందుకు ఎక్కువో గెలీలియో 1638లోనే తన పుస్తకంలో రాశాడు. బరువు ఘనంలో పెరుగుతుంది, ఎముక అడ్డకోత వైశాల్యం వర్గంలో పెరుగుతుంది. లెక్క వేద్దాం. ఒక మనిషిని అన్ని వైపులా 20 శాతం పెద్దది చేస్తే బరువు 1.73 రెట్లు అవుతుంది. ఆ బరువు మోసే ఎముక వైశాల్యం మాత్రం 1.44 రెట్లే. అంటే ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటర్ మీదా ఒత్తిడి 20 శాతం ఎక్కువ. దీని మీద పరుగు, ఎగరడం, ఇంకొకరి పాదం మీద దిగడం కలపండి.

ఇది ఉత్త జామెట్రీ. నిజం మనుషులు ఇలా జూమ్ చేసిన ఫొటోల్లా పెరగరు. కరీమ్ అబ్దుల్ జబ్బార్ 7 అడుగుల 2 అంగుళాల ఎత్తుతో 20 సీజన్లు, 1,560 మ్యాచ్‌లు ఆడాడు. కాబట్టి ఎత్తుని తలరాత అనుకోనక్కర్లేదు. మార్జిన్ తక్కువ, అంతే. థర్మల్ డిజైన్‌లో అంచుల దాకా వెళ్లిన ఫోన్‌కి ఎండాకాలం ఎలా ఉంటుందో, అలా.

ఆగి వచ్చిన ఇద్దరు

2014లో ఫిలడెల్ఫియా నంబర్ 3తో జోయెల్ ఎంబీడ్‌ని తీసుకుంది. డ్రాఫ్ట్‌కి కొన్ని రోజుల ముందే అతని కుడి పాదంలో నావిక్యులర్ ఎముకకి సర్జరీ అయింది. పాదం వంపు పైభాగంలో ఉండే చిన్న ఎముక ఇది. దీని మధ్య భాగానికి రక్తం తక్కువ అందుతుంది, అందుకే మానడం ఆలస్యం. 2015 ఆగస్టులో రెండోసారి సర్జరీ చెయ్యాల్సి వచ్చింది. రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. 2016 అక్టోబర్‌లో కోర్టులోకి దిగాక కూడా టీమ్ నిమిషాలు లెక్కపెట్టి ఆడించింది. ఆ సీజన్ 31 మ్యాచ్‌ల దగ్గర, ఈసారి ఎడమ మోకాలితో, ఆగిపోయింది. అయినా 2023లో ఎంబీడ్ లీగ్ ఎంవీపీ అయ్యాడు. 2024 జనవరిలో ఒకే మ్యాచ్‌లో 70 పాయింట్లు కొట్టాడు.

ఇక్కడితో ఆపేస్తే సినిమా కథలా బాగుంటుంది. కానీ అతను ఒక సీజన్లో ఆడిన అత్యధిక లీగ్ మ్యాచ్‌లు 68. 2024-25లో ఆడినవి 19. టైమ్ ఇవ్వడం వల్ల గాయాలు మాయం కాలేదు. ఒక కెరీర్‌కి చోటు దొరికింది.

రెండోవాడు చెట్ హోమ్‌గ్రెన్, 2022లో నంబర్ 2, ఓక్లహామా సిటీ. 7 అడుగుల 1 అంగుళం, బరువు 90 కిలోల లోపు. డ్రాఫ్ట్ ముందు అందరూ అతని సన్నటి ఒంటి గురించే మాట్లాడారు. ఆగస్టులో సియాటిల్‌లో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో లెబ్రాన్ జేమ్స్‌ని అడ్డుకుంటూ కుడి పాదం మధ్యలో లిస్‌ఫ్రాంక్ గాయం చేసుకున్నాడు. మొదటి సీజన్ మొత్తం గోవిందా. తర్వాతి సీజన్లో 82కి 82 మ్యాచ్‌లూ ఆడాడు. 2024 నవంబర్‌లో గాల్లోంచి కిందపడి తుంటి ఎముక విరిగింది. ఫిబ్రవరిలో తిరిగొచ్చి, 2025 జూన్‌లో ఏడో ఫైనల్ మ్యాచ్‌లో 18 పాయింట్లు, 5 బ్లాకులతో కప్పు కొట్టాడు.

మరి ఓడెన్‌కి టైమ్ ఇవ్వలేదా? ఇచ్చారు. పోర్ట్‌ల్యాండ్ కూడా ఆపింది, సర్జరీలు చేయించింది. కానీ అతని మీద ఇంకో బరువు ఉంది. అటు డురాంట్ ప్రతి సీజన్లో పాయింట్లు కొడుతున్నాడు, 2014లో ఎంవీపీ కూడా అయ్యాడు. అతను 30 కొట్టిన ప్రతి రాత్రీ ఓడెన్ ఓడినట్టే లెక్క, తను కోర్టులో లేకపోయినా. పైగా పోర్ట్‌ల్యాండ్‌కి పాత చేదు జ్ఞాపకం ఒకటుంది. 1984లో నంబర్ 2తో శామ్ బోవీ అనే సెంటర్‌ని తీసుకుంది, నంబర్ 3గా వెళ్లింది మైకేల్ జోర్డాన్. బోవీ కెరీర్‌ని కాలి ఫ్రాక్చర్లు తినేశాయి. ఓడెన్ కుంటిన ప్రతిసారీ జనం బోవీని తల్చుకున్నారు.

గాయాల రోజుల్లో తాగుడుకి అలవాటు పడ్డానని ఓడెన్ తర్వాత తనే బయటికి చెప్పాడు. ఎన్‌బీఏ చరిత్రలో అతిపెద్ద బస్ట్‌గా జనం తనని గుర్తుపెట్టుకుంటారని కూడా ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు.

ఇప్పుడు సెన్సర్లు ఏం చూస్తున్నాయి?

ఓడెన్ కాలానికీ ఇప్పటికీ టెక్‌లో చాలా తేడా ఉంది. 2013-14 సీజన్ నుంచి ఎన్‌బీఏ అరీనాలన్నిటిలో ట్రాకింగ్ కెమెరాలు వచ్చాయి. ఎవరు ఎంత దూరం, ఎంత స్పీడ్‌లో పరుగెత్తారో లెక్కపెట్టేవి. 2023-24 నుంచి హాక్‌ఐ సిస్టమ్ వచ్చింది. మనిషిని ఒక చుక్కలా కాకుండా ఒంటి మీద 29 పాయింట్లతో చూస్తుంది. మోకాలు ఎంత వంగింది, పాదం ఎలా ఆనింది, అన్నీ. ప్రాక్టీస్‌లో సెన్సర్లు వేసుకుంటారు, ఎగిరి దిగే తీరు చూడటానికి ఫోర్స్ ప్లేట్లు ఉన్నాయి. 2020లో ఓర్లాండో బబుల్‌లో ఆటగాళ్లకి ఔరా రింగ్ కూడా ఇచ్చారు.

అసలు మ్యాచ్‌లో మాత్రం వేరబుల్స్‌కి పర్మిషన్ లేదు. ఇంకో ఇంట్రెస్టింగ్ రూల్: 2017లో ఆటగాళ్ల యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం వేరబుల్ డేటాని కాంట్రాక్ట్ బేరాల్లో వాడకూడదు. ఎందుకో ఆలోచించండి. మీ నిద్ర స్కోర్ చూసి మీ హెచ్‌ఆర్ హైక్ డిసైడ్ చేస్తే ఎలా ఉంటుంది? ఆటగాళ్ల భయం అదే.

ఇంత ఉన్నా పట్టుబడనివి ఉంటాయి. 2023 నంబర్ 1 విక్టర్ వెంబన్యామానే తీసుకోండి. మోకాళ్లు, చీలమండల మీదే అందరి కన్ను. 2025 ఫిబ్రవరిలో అతని సీజన్ ఆపింది కుడి భుజంలో రక్తం గడ్డ. 46 మ్యాచ్‌లకే ఆట ముగిసింది. లీగ్ పెద్ద అవార్డులకి కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న రూల్ 2023-24 నుంచి ఉంది. ఆ సీజన్లో లీగ్‌లో అందరికంటే బాగా షాట్లు ఆపుతున్న కుర్రాడు డిఫెన్స్ అవార్డు రేసులోంచే బయటికెళ్లిపోయాడు. ఒక పక్క రెస్ట్ తీసుకోమంటారు, ఇంకో పక్క 65 ఆడమంటారు. ఈ రెండిటి మధ్య నలిగేది 21 ఏళ్ల కుర్రాడు.

మీ చేతికున్న వాచ్ సంగతి

ఈ టెక్ చాలావరకు మన దాకా కూడా వచ్చేసింది. యాపిల్ వాచ్‌లో ట్రైనింగ్ లోడ్ ఫీచర్ గత 7 రోజుల శ్రమని గత 28 రోజులతో పోల్చి చెబుతుంది. గార్మిన్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఐడియా సింపుల్: ఒంటికి అలవాటైన దానికంటే ఒక్కసారిగా ఎక్కువ చేస్తే రిస్క్. కార్పొరేట్ టోర్నీ కోసం వారం రోజులు కసిగా ఆడి, తర్వాత మోకాలు పట్టుకుని కూర్చునే వాళ్లందరికీ ఇది పనికొస్తుంది. అయితే ఈ నిష్పత్తి గాయాన్ని ముందే చెప్పేస్తుందన్న వాదన మీద పరిశోధకుల్లోనే గట్టి విమర్శలున్నాయి. దాన్ని ఫ్యూయల్ మీటర్‌లా చూడండి, జాతకంలా కాదు. నొప్పి ఉంటే వాచ్ గ్రీన్ చూపించినా ఆపేయండి.

ఫైనల్‌గా

రేటింగులు ఇవ్వడం మనలాంటి సైట్ల పని. ఫోన్ బాగోలేకపోతే బాగోలేదనే రాస్తాం, రాయాలి కూడా. బస్ట్ అనే మాట కూడా అలాంటి రేటింగే. కానీ ఓడెన్ తప్పు ఏ లైన్‌లో ఉందో వెతికితే దొరకదు. 19 ఏళ్ల వయసులో అతన్ని నంబర్ 1 చేసింది వేరేవాళ్లు. డురాంట్ పక్కన నిలబెట్టి కొలిచింది వేరేవాళ్లు. అతను చేసింది మోకాలు ఒప్పుకున్న ప్రతిసారీ తిరిగి రావడం. నాలుగేళ్ల గ్యాప్ తర్వాత 2014లో మయామీ తరఫున మళ్లీ 23 మ్యాచ్‌లు ఆడాడు. ఆట వదిలేశాక ఒహైయో స్టేట్‌కి తిరిగెళ్లి 2019లో డిగ్రీ పూర్తి చేశాడు. ఆ తర్వాత తన కాలేజీ కోచ్‌తో కలిసి బట్లర్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పనికి చేరాడు.

వచ్చే డ్రాఫ్ట్‌లో ఇంకో ఏడడుగుల కుర్రాడు వస్తాడు. స్పెక్ షీట్ అదిరిపోతుంది, హైలైట్ రీల్స్ మన ఫీడ్ నింపేస్తాయి. చూడండి, ఎంజాయ్ చెయ్యండి. మొదటి సర్జరీ వార్త వచ్చిన రోజు మాత్రం బస్ట్ అని కామెంట్ టైప్ చేసే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: ఫోన్‌కి రీప్లేస్‌మెంట్ ఉంటుంది, ఆ కుర్రాడికి ఉన్నవి ఆ రెండు మోకాళ్లే.