మీకు తెలుసా? స్టీరింగ్ పట్టేది స్వభావమే

డ్రైవర్‌కు కోపం తెప్పించే సందర్భాలను అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ మనస్తత్వవేత్త జెర్రీ డెఫెన్‌బాకర్ బృందం 1994లో ఆరు రకాలుగా విడదీసింది. అందులో ఒకటి, ముందున్న బండి మెల్లగా పోవడం.

ఆర్మూర్‌లో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఊరు ఇది. తొమ్మిది నెలల పంటను తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలే రోజుల్లో రోడ్డు మీద పసుపు ట్రాలీలే కనిపిస్తాయి. ట్రాలీ వెనక చిక్కుకున్న ఇద్దరిలో ఒకరు గేరు తగ్గించి ఓపిక పడతారు. ఇంకొకరు ఎదురుగా లారీ వస్తున్నా సందు వెతుకుతారు. రోడ్డూ అదే, ట్రాలీ అదే.

ఈ తేడాను 1949లోనే పట్టుకున్నారు టిల్‌మన్, హాబ్స్ అనే ఇద్దరు కెనడా డాక్టర్లు. ముందు టాక్సీ డ్రైవర్లను దగ్గరగా గమనించారు. తర్వాత, మళ్లీ మళ్లీ ప్రమాదాలు చేసినవాళ్ల పేర్లను కోర్టు, అప్పులు, సంక్షేమ శాఖల రికార్డుల్లో వెతికితే 66 శాతం మంది పేర్లు ఎక్కడో ఒకచోట దొరికాయి. ప్రమాదం ఎరగనివాళ్లలో ఆ లెక్క 9 శాతమే. బతుకులో ఉన్న దుడుకుతనమే బండి నడకలోనూ ఉంటుందని వాళ్లు తేల్చారు. 1996లో అమెరికా పరిశోధకులు ఆర్థర్, గ్రాజియానో ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూశారు: పద్ధతిగా, బాధ్యతగా ఉండే స్వభావం ఎంత తక్కువైతే ప్రమాదాలు అంత ఎక్కువ.

'నాకు బండి మీద మంచి కంట్రోల్ ఉంది' అనే మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది. స్వీడన్ పరిశోధకుడు ఓలా స్వెన్సన్ 1981లో అడిగితే, అమెరికా డ్రైవర్లలో 93 శాతం మంది తమ నైపుణ్యం సగటు డ్రైవర్ కన్నా మెరుగని చెప్పుకున్నారు. అందరూ సగటు కన్నా పైన ఎలా ఉంటారు? పైగా, చేయి తిరిగినంత మాత్రాన ప్రమాదం తప్పదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జేమ్స్ రీజన్ బృందం 1990లో డ్రైవర్ల తప్పుల్ని రెండుగా చూసింది: తెలియక చేసే పొరపాట్లు, తెలిసే చేసే ఉల్లంఘనలు. ప్రమాదాలతో గట్టిగా ముడిపడి ఉన్నవి రెండోవేనని ఆ తర్వాతి అధ్యయనాల్లో తేలింది. వయసు పెరిగేకొద్దీ ఉల్లంఘనలు తగ్గుతాయి, పొరపాట్లు మాత్రం అలాగే ఉంటాయి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకుంటే, అందులో దాదాపు 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోవే. వేగం పొరపాటున రాదు. అది మనిషి ఎంచుకున్నది.

ఆ ఎంపిక విలువను సెకన్లలో చూడండి. రాత్రిపూట గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ట్రాలీ పోతోంది, వెనక లైటు లేదు. బైకు మీద 80లో వస్తున్నవారికి అది 50 మీటర్ల దూరంలో కనపడితే, గుద్దుకోవడానికి మిగిలేది 3 సెకన్లు. కన్ను చూసి కాలు బ్రేకు మీద పడేసరికే ఒక సెకను దాటుతుంది. అదే 50లో వస్తే 6 సెకన్లు. ఇక ఆ తొందర వల్ల మిగిలేదెంత? ఆర్మూర్ నుంచి నిజామాబాద్ దాదాపు 25 కిలోమీటర్లు. 60లో పోయినవారి కన్నా 80లో పోయినవారు చేరేది 6 నిమిషాల ముందు, అదీ దారంతా ఖాళీగా ఉంటే.

దుడుకు మనిషి స్వభావం ఒక్క పూటలో మారదు. అతని కోసం కూడా రైతు చేయగల పని ఒకటుంది: బస్తాలు కట్టేటప్పుడే ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించి, దుమ్ము తుడవడం. అవి 150 మీటర్ల నుంచే మెరిస్తే, 80లో వచ్చేవాడికీ 9 సెకన్లు దొరుకుతాయి.