బలము, పీడనము: రెండును ఒకటి కావు

డ్రాయింగు పిన్నును బొటనవ్రేలితో నొక్కినచో దాని మొన కొయ్యలోనికి దిగును. వ్రేలికి గాయము కాదు. వ్రేలు పిన్నును ఎంత బలముతో నొక్కినదో, పిన్ను కొయ్యను దాదాపు అంత బలముతోనే నొక్కినది. బలము ఒక్కటే అయినప్పుడు ఫలితములు రెండు విధములుగా ఉండుటకు కారణమేమి?

బలము ఎంత అని మాత్రమే అడిగినచో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ బలము ఎంత వైశాల్యముపై పడినది అని కూడ అడుగవలెను. పిన్ను తల వైశాల్యము 1 చదరపు సెంటీమీటరు, మొన వైశాల్యము 0.1 చదరపు మిల్లీమీటరు అనుకొందము. తలకంటె మొన వేయి రెట్లు చిన్నది. కనుక అదే బలము మొనవద్ద వేయి రెట్లు కేంద్రీకరించును. ప్రమాణ వైశాల్యముపై లంబముగా పనిచేయు బలమునే పీడనమందురు. బలమును వైశాల్యముచే భాగించిన పీడనము వచ్చును. బలమును న్యూటన్లలోను, వైశాల్యమును చదరపు మీటర్లలోను తీసికొన్నచో పీడనము పాస్కళ్ళలో లభించును.

“బలము ఎక్కువైనచో పీడనము ఎక్కువ” అని విద్యార్థులు తరచుగా వ్రాయుదురు. వైశాల్యము మారనప్పుడే అది నిజము. దీనిని తరగతిలో ఒక ఇటుకతో చూపవచ్చును. ఇటుక పొడవు 20, వెడల్పు 10, మందము 6 సెంటీమీటర్లు, బరువు సుమారు 24 న్యూటన్లు అనుకొందము. దానిని చదును చేసిన మెత్తని ఇసుకపై వెడల్పు ముఖము అడుగున ఉండునట్లు పెట్టినచో పీడనము 1,200 పాస్కళ్ళు. పొడవైన అంచుపై నిలిపినచో 2,000. కొనపై నిలువుగా నిలిపినచో 4,000. ఇటుక బరువు మారలేదు, కాని ఇసుకలో గుంట లోతు మారినది. కొడవలికి పదును పెట్టుట, రైలు పట్టాల క్రింద స్లీపర్లు పరచుట, మూటను సన్నని త్రాటితో గాక వెడల్పు పట్టీతో మోయుట, ఇవన్నియు ఈ సూత్రమునకు ఉదాహరణములే. మొదటిదానిలో పీడనమును పెంచుచున్నాము, తక్కిన రెండింటిలో తగ్గించుచున్నాము.

ద్రవముల విషయములో మరియొక విశేషమున్నది. నీటి పీడనము నీరెంత ఉన్నదనుదానిపై గాక, లోతెంత అనుదానిపై ఆధారపడును. హాలెండు ప్రాంతపు ఇంజనీరు సైమన్ స్టెవిన్ 1586లో ప్రచురించిన గ్రంథములో ఈ సంగతిని వివరించెను. పది మీటర్ల లోతున నీటివలన కలుగు పీడనము సుమారు 1,00,000 పాస్కళ్ళు. ఆ నీరు ఇరుకైన బావిలో ఉన్నను, విశాలమైన చెరువులో ఉన్నను ఇంతే.

ఒక పొడవైన డబ్బాకు వేరు వేరు ఎత్తులలో మూడు రంధ్రములు చేసి నీరు పోసినచో, అడుగు రంధ్రమునుండి ధార అన్నిటికంటె వేగముగా వెలువడును. ఉపాధ్యాయులు ఇచ్చట ఒక జాగ్రత్త తీసికొనవలెను. డబ్బాను నేలపైనే పెట్టినచో అడుగు ధార వెంటనే నేలను తాకును, నడిమి ధారయే దూరము పోయినట్లు కనబడును. డబ్బాను ఎత్తైన బల్ల అంచున ఉంచి, ధారలను నేలపై పడనిచ్చినచో ఈ చిక్కు తప్పును.

చెరువుకట్ట విషయములో ఈ పాఠమునకు గల విలువ తెలియును. నీరు ఆనుకొనియున్న ఒక నిలువు గోడలో ఒక మీటరు పొడవు భాగమును తీసికొందము. నీటి లోతు 10 మీటర్లయినచో, పీడనము పైన సున్న, అడుగున 1,00,000 పాస్కళ్ళు. సగటు 50,000. నీరు తాకు వైశాల్యము 10 చదరపు మీటర్లు. కనుక మొత్తము బలము 5,00,000 న్యూటన్లు, అనగా సుమారు 50 టన్నుల బరువు. లోతు 20 మీటర్లయినచో సగటు పీడనము రెట్టింపగును, వైశాల్యము కూడ రెట్టింపగును. అందుచే బలము 200 టన్నులగును. లోతు రెండింతలైనచో గోడపై త్రోపుడు నాలుగింతలు! నీటిపై గాలి పీడనము కూడ కలదు గాని, అది గోడ వెలుపలివైపున కూడ ఉండుటచే లెక్కలో పోవును.

కట్టలు, ఆనకట్టలు పైన సన్నగాను, అడుగున వెడల్పుగాను కట్టుటకు ఇదియొక ముఖ్య కారణము. కాకతీయుల కాలపు రామప్ప చెరువు కట్టయైనను, 1967లో ప్రారంభమైన నాగార్జునసాగరపు రాతి ఆనకట్టయైనను ఈ నియమమునకు లోబడినవే. సుమారు 124 మీటర్ల ఎత్తుగల ఆ ఆనకట్టవద్ద 100 మీటర్ల లోతున నీరు నిలిచినప్పుడు, అచ్చట ప్రతి చదరపు మీటరుపైన సుమారు 100 టన్నుల బరువుతో సమానమైన బలము పడును. మట్టికట్టలు నీరు పొర్లుటవలనను, లోపల నీరు ఊరి మట్టి కొట్టుకొని పోవుటవలనను కూడ తెగును. లోతుతోబాటు పీడనము పెరిగినకొలది ఆ ఊట కూడ బలపడును. వానకాలములో చెరువు నిండుచున్నప్పుడు కట్ట అడుగున వెలుపలివైపు తేమను, ఊటను పరిశీలించుట అందుకే అవసరము.

కావున ఏదైనను దిగుట, తెగుట, కూలుట కనబడినప్పుడు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనవలెను. బలమెంత? అది ఎంత వైశాల్యముపై పడుచున్నది? మొదటి ప్రశ్నతోనే ఆగినవానికి పిన్ను మొన సంగతి అర్థము కాదు, చెరువుకట్ట సంగతి అంతకన్నను అర్థము కాదు.