జీవామృతం డ్రమ్ము యూరియా బస్తాకు సాటి వచ్చేనా?

జనగామ: తెల్లవారకముందే లేచి సొసైటీ గోదాము ముందు చెప్పులు వరుసలో పెట్టి, పట్టాదారు పాసుపుస్తకం చేతబట్టుకుని రైతులు గంటల తరబడి కాచుకున్న దృశ్యాలు 2025 వానాకాలంలో తెలంగాణ జిల్లాల్లో చాలాచోట్ల కనిపించాయి. బస్తా ధర 266 రూపాయల 50 పైసలే. డబ్బు ఉన్నా బస్తా దొరకలేదు. వరి పిలకలు వేసే అదనులో యూరియా అందక రైతులు కంటతడి పెట్టారు.

ఇటువంటి సమయంలోనే పల్లెల్లో మరో మాట వినబడుతుంది. "ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పోస్తే చాలునట. యూరియా అక్కర లేదట" అని ఒకరంటారు. "బెల్లం నీళ్లకు వరి పండితే ఇంకేం కావాలి?" అని మరొకరు కొట్టిపారేస్తారు. ఈ ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటూ ఉంది. తేడా తెలియకుండా దిగినవారు ఒక పంట నష్టపోయే ప్రమాదం ఉంది కనుక, ఈ సంగతి తెలుసుకోవడం అవసరం.

తయారీ ఇలా...

జీవామృతం పద్ధతిని తెలుగునాట ఎక్కువగా ప్రచారంలోకి తెచ్చినవారు మహారాష్ట్రలోని విదర్భకు చెందిన సుభాష్ పాలేకర్. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది. ఒక ఎకరానికి సరిపడా జీవామృతానికి కావలసినవి ఇవి: 200 లీటర్ల నీరు, 10 కిలోల పచ్చి పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి. శనగ, ఉలవ, మినుము వంటి ఏ పప్పుధాన్యం పిండి అయినా పనికివస్తుంది. మట్టి మాత్రం మందులు తగలని గట్టు మీదిదో, మర్రిచెట్టు కిందిదో కావాలి.

వీటిని ప్లాస్టిక్ డ్రమ్ములోనో సిమెంటు తొట్టిలోనో కలిపి, నీడలో ఉంచి, మూతికి గోనెసంచి కప్పాలి. పొద్దున, సాయంత్రం కర్రతో బాగా తిప్పాలి. రెండు రోజుల్లో సిద్ధమవుతుంది. ఆ తరువాత వారం లోపుగా వాడేయాలి. ఎకరాకు 200 లీటర్ల చొప్పున, పదిహేను రోజులకు ఒకసారి, పారే నీటితో పాటు కాలువలో సన్నని ధారగా వదలవచ్చు. పైరుపై చల్లాలంటే పలుచని గుడ్డతో వడగట్టి, 10 లీటర్లను 100 లీటర్ల నీటిలో కలపాలి. వడగట్టకపోతే స్ప్రేయర్ నాజిల్, డ్రిప్ పైపులు మూసుకుపోతాయి. నీరు కలపకుండా లేత మొక్కలపై చల్లితే ఆకులు మాడిపోవచ్చు.

నల్లా నీరు వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మిషన్ భగీరథ నీటిలో క్రిములను చంపేందుకు క్లోరిన్ కలుపుతారు. మనం పెంచదలచింది కూడా సూక్ష్మజీవులనే. అందుచేత ఆ నీటిని వెడల్పు మూతి ఉన్న తొట్టిలో ఒక రోజు ఆరుబయట ఉంచి వాడుకోవాలి. బావి నీరు, బోరు నీరు ఉన్నవారికి ఈ బాధ లేదు.

డ్రమ్ములో జరిగేదేమిటి?

పేడలోనూ మట్టిలోనూ కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. బెల్లం వాటికి శక్తినిచ్చే ఆహారం. పప్పు పిండిలోని మాంసకృత్తులు వాటి పెరుగుదలకు తోడ్పడతాయి. రెండు రోజుల్లో అవి అనేక రెట్లు పెరుగుతాయి. కర్రతో తిప్పడం ఎందుకంటే, వాటికి గాలి అందాలి. గాలి అందకపోతే మేలు చేసేవి తగ్గి, కుళ్లబెట్టేవి పెరుగుతాయి.

దీన్ని కనిపెట్టడానికి ఏ పరికరమూ అక్కర లేదు, ముక్కు చాలు. పులిసిన పిండి వాసన వస్తే సరుకు బాగున్నట్టు. మురుగుకాలువ కంపు కొడితే పాడైనట్టు. అటువంటిదాన్ని పైరుకు పోయకుండా పెంటకుప్ప మీద పారబోయడం మేలు.

బెల్లం దొరకడమూ ఒక్కొక్కప్పుడు సమస్యే. నాటుసారాకు వాడతారన్న అనుమానంతో నల్లబెల్లం అమ్మకాలపై ఎక్సైజు శాఖ నిఘా ఉంటుంది. బెల్లానికి బదులు చెరకు రసం గాని, బాగా ముగ్గిన పండ్ల గుజ్జు గాని వేసుకోవచ్చు.

అసలు లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అంటే సుమారు 20 కిలోల 700 గ్రాములు. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ములో ఎంత ఉంటుంది? పది కిలోల పచ్చి పేడలో 30 నుంచి 50 గ్రాములు, పది లీటర్ల మూత్రంలో 100 గ్రాముల దాకా, రెండు కిలోల పప్పు పిండిలో 70 గ్రాములు. అన్నీ కలిపి చూసినా 200 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. అంటే యూరియా బస్తాలో వందో వంతు. పంటకాలంలో ఎనిమిది డ్రమ్ములు పోసినా రెండు కిలోలు దాటదు. ఎకరా వరికి సిఫార్సు చేసే నత్రజని మాత్రం 40 కిలోలకు పైమాటే.

కాబట్టి జీవామృతాన్ని ఎరువు అనుకుని, యూరియా మానేసి, ఇదొక్కటే పోసి కూర్చుంటే పైరు పసుపురంగుకు తిరగడం ఖాయం. జీవామృతాన్ని పాలల్లో వేసే తోడుతో పోల్చవచ్చు. గిన్నెలో పాలుంటేనే తోడు పెరుగవుతుంది. ఖాళీ గిన్నెలో ఎంత తోడు వేసినా ప్రయోజనం లేదు. నేలలో పశువుల ఎరువు, పచ్చిరొట్ట, చెత్తా చెదారం ఉంటే సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెట్టి పైరుకు అందిస్తాయి. అవేవీ లేని ఉత్త చెలకలో అవి మాత్రం ఏం చేయగలవు?

ఈ పద్ధతిపై శాస్త్రవేత్తల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీన్ని నిరూపణ కాని పద్ధతి అంటూ అభ్యంతరం తెలిపింది. మరోపక్క, 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. అయితే ఆ కార్యక్రమంలోనూ జీవామృతం ఒక్కటే లేదు. విత్తనశుద్ధికి బీజామృతం, నేలకు ఘనజీవామృతం, ఆచ్ఛాదన, పలురకాల పంటల కలయిక, ఏడాది పొడుగునా నేలపై పచ్చదనం, ఇవన్నీ కలిస్తేనే ఆ పద్ధతి.

ఏనెబావి చెప్పే పాఠం

ఇందుకు ఎక్కడికో వెళ్లి చూడనక్కర లేదు. లింగాలఘణపురం మండలం కళ్లెం గ్రామ పరిధిలోని ఏనెబావి మన కళ్లముందే ఉంది. ఇక్కడ సుమారు యాభై కుటుంబాలు ఉంటాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్న కాలంలో, 2006లో, రసాయన ఎరువులు, పురుగుమందులు లేని ఊరుగా ఈ పల్లె ప్రకటించుకుని దేశం దృష్టిని ఆకర్షించింది.

ఆ మార్పు ఒక్కరోజులో రాలేదు. మొదట పురుగుమందులు తగ్గించారు. ఆ తరువాతే రసాయన ఎరువుల జోలికి పోవడం మానుకున్నారు. యూరియా మానిన చోట పశువుల ఎరువు, వానపాముల ఎరువు, చెరువు మట్టి వేశారు. అన్నిటికంటే ముఖ్యం, ఊరంతా ఒక్కమాట మీద నిలిచింది. పక్క చేనులో మందు కొడుతుంటే ఒక్క రైతు మడిలో మాత్రం మేలు చేసే పురుగులు మిగలవు. ఒంటరిగా తలపెట్టిన రైతు మొదటి పంటకే దిగుబడి తగ్గితే అప్పులవాడి ముందు తలవంచుకోవలసి వస్తుంది. పదిమంది కలిస్తే ధైర్యం వస్తుంది.

కడుపు నింపేవి ఇవి

డ్రమ్ము పెట్టడానికి ముందే నేల కడుపు నింపే పని చూసుకోవాలి. వరి నాట్లకు ముందు జీలుగ గాని జనుము గాని చల్లి, నెలా పదిహేను రోజులకు పూత దశలో కలియదున్నితే ఎకరాకు 20 నుంచి 30 కిలోల దాకా నత్రజని చేరుతుంది. బాగా చివికిన పశువుల ఎరువు ఎకరాకు నాలుగైదు టన్నులు వేస్తే మరో 20 కిలోలు ఉంటుంది. అయితే అందులో కొంత భాగమే మొదటి పంటకు అందుతుంది, మిగిలింది తరువాతి పంటలకు పనికివస్తుంది. వేసవిలో గొర్రెల మంద పెట్టించే పాత అలవాటునూ వదులుకోరాదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టి తోలుకున్నవారికి దాని విలువ తెలియనిది కాదు.

ఆవు లేనివారి మాటేమిటి? ట్రాక్టర్లు వచ్చాక పశువుల కొట్టాలు ఖాళీ అయిన ఇళ్లు అనేకం. ఇటువంటివారు బాగా మాగిన కంపోస్టును, కిలోకు పది లీటర్ల నీటి చొప్పున, గోనెసంచిలో మూటకట్టి తొట్టిలో వేలాడదీసి, ఒకటి రెండు రోజులు తిప్పుతూ నానబెట్టి వాడుకోవచ్చు. చాయ్ పొడి మూట వేడినీళ్లలో నానినట్టే ఇదీను. కూరగాయల మడులకు, పెరటి మొక్కలకు ఇది బాగా పనిచేస్తుంది. చివకని పచ్చి చెత్త మాత్రం పనికిరాదు.

శుభ్రత మరువరాదు

పేడలో మేలు చేసే జీవులతో పాటు విరేచనాలు తెప్పించే క్రిములూ ఉండవచ్చు. ఇటువంటి ద్రావణాల్లో తీపి పదార్థాలు కలిపితే అవీ పెరిగే వీలుందని అమెరికాలో 2004లో నిపుణుల బృందం ఒకటి హెచ్చరించింది. అక్కడి సేంద్రియ నిబంధనల ప్రకారం, మట్టికి తగిలే పంటలకు పచ్చి పేడ వేస్తే కోతకు 120 రోజుల వ్యవధి ఉండాలి. కనుక కొత్తిమీర, పాలకూర, ఉల్లి, టమాట వంటి పచ్చిగా తినేవాటిపై జీవామృతం చల్లడం మానుకోవాలి. కలిపిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. డ్రమ్ముల దగ్గరకు చిన్నపిల్లలను రానివ్వరాదు.

ఇంకొక మాట. పేడ ఎత్తడం, మూత్రం పట్టడం, రోజుకు రెండుసార్లు తిప్పడం, ఈ చాకిరీ అంతా చివరకు ఇంటి ఆడవారి నెత్తిన పడుతుంది. బస్తాకు ఖర్చు మిగిలిందని లెక్క వేసేవారు ఈ కష్టాన్నీ లెక్కలో వేయాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో 10,000 జీవ ఉత్పాదక కేంద్రాలు నెలకొల్పాలన్నది లక్ష్యం. ఇటువంటి కేంద్రం ఊరికి అందుబాటులో ఉంటే ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

అర ఎకరంతో ఆరంభం

ఉన్న భూమి అంతటికీ ఒకేసారి యూరియా మానేయడం తెలివైన పని కాదు. ముందు భూసార పరీక్ష చేయించుకోవాలి. అర ఎకరం విడిగా ఉంచి, జీలుగ దున్ని, పశువుల ఎరువు వేసి, ఆపైన జీవామృతం వాడి చూడాలి. పక్క మడిలో మామూలు పద్ధతి సాగించాలి. ఖర్చు, కూలీలు, దిగుబడి రెండింటికీ వేరువేరుగా నోటుబుక్కులో రాసుకోవాలి. రెండు మూడు పంటలు చూశాక, ఎంతమేరకు యూరియా తగ్గించవచ్చో ఎవరూ చెప్పనక్కర లేదు, ఆ పుస్తకమే చెబుతుంది.

గోదాము ముందు చెప్పుల వరుస తగ్గాలంటే ఇంటి వెనుక పెంటకుప్ప పెరగాలి. ఆ కుప్ప ఉన్న ఇంట్లో డ్రమ్ముకు విలువ ఉంటుంది.