తోకకు దెబ్బ, మూత్రాశయానికి ముప్పు

తలుపు సందులో నలగడం, స్కూటరు చక్రం కింద పడడం, మరో గండుపిల్లి కాటు. పిల్లి తోకకు దెబ్బ ఎలా తగిలినా ఇంట్లోవాళ్ల చూపు నెత్తురు మీదికే పోతుంది. పశువైద్యుడు మాత్రం ముందుగా అడిగేది వేరు: మూత్రం పోసిందా?

తోకలో దాదాపు 20 పూసలుంటాయి. వెన్నుపాము అక్కడిదాకా రాదు, నడుము కింద త్రికాస్థి దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి నరాలు గుత్తిగా సాగి కొన్ని తోకకు, కొన్ని మూత్రాశయానికి, మలద్వారానికి చేరతాయి. చక్రం కింద తోక చిక్కుకుని పిల్లి ఒక్క ఉదుటున లాక్కుంటే ఆ గుత్తి మొదట్లోనే సాగిపోవచ్చు, తెగిపోవచ్చు. పైకి నెత్తుటి చుక్క కనబడదు. తోక తాడులా వేలాడుతుంది. మూత్రాశయం నిండుతూనే ఉంటుంది కానీ ఖాళీ కాదు. నిండిపోయాక చుక్కలుగా కారే మూత్రాన్ని చూసి 'పోస్తోందిలే' అనుకోవడం చాలా ప్రమాదకరమైన పొరపాటు.

అందుకే వైద్యుడు తోక మొదట్లో గిల్లి చూస్తాడు. పిల్లి తల తిప్పినా, అరిచినా స్పర్శ ఉన్నట్టే. మూత్రం మీద అదుపు తిరిగి వస్తుందని గట్టిగా ఆశించవచ్చు. స్పర్శ లేకపోయినా ఆశ వదలనక్కర్లేదు. కోలుకునేవి ఎక్కువగా నెల లోపే కోలుకుంటాయి. అప్పటిదాకా రోజుకు రెండు మూడుసార్లు పొట్ట నొక్కి మూత్రం తీయాలి. ఆ పద్ధతి వైద్యుడి దగ్గర నేర్చుకోవలసిందే. వేలాడే తోక బరువు నరాలను ఇంకా లాగుతుందని కొందరు వైద్యులు తోకను త్వరగా తీసేస్తారు, మరికొందరు వేచి చూస్తారు.

కొసన విరిగిన ఎముక చాలావరకు దానంతటదే అతుక్కుంటుంది, వంకర మిగిలితే మిగులుతుంది. కాటు గాయం అలా కాదు. సూదిలాంటి కోర దిగిన రంధ్రం పైన త్వరగా పూడుకుపోయి, లోపల పాశ్చరెల్లా వంటి బాక్టీరియా పెరిగి, కొద్ది రోజుల్లో చీముగడ్డ అవుతుంది. దాన్ని కోసి చీము తీసి, యాంటీబయాటిక్ ఇవ్వాలి.

ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం వేయనే కూడదు. దాన్ని విరిచే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. ఒక్క మాత్రతో నెత్తురు ఆక్సిజన్ మోసే శక్తి కోల్పోయి ప్రాణం పోవచ్చు. డెటాల్ కూడా పిల్లులకు విషమే. పిల్లిని తువాలులో చుట్టి, తోక కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పిలో అది కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా సంగతి ఆ రోజే చూసుకోవాలి.

చర్మం ఊడి ఎముక బయటపడిన భాగాన్ని, చల్లబడి నల్లబడిన భాగాన్ని సాధారణంగా తీసేయవలసిందే. తోక పోతే పిల్లి తూలిపోతుందేమోనన్న భయం సహజం. 1998లో వెలువడిన ఒక ప్రయోగంలో, సన్నని దూలం హఠాత్తుగా పక్కకు జరిగినప్పుడు తోక నరాలు పనిచేయని పిల్లులు ఎక్కువగా పడ్డాయి. నష్టం ఉన్నమాట నిజమే. అయినా మామూలు నడకకు, దూకడానికి తోక తప్పనిసరి కాదు. మాంక్స్ జాతిలో ఎన్నో పిల్లులు తోక లేకుండానే పుట్టి చక్కగా పరిగెత్తుతాయి.