ఇద్దరు వెంకయ్యలు, ఇందరు సత్యనారాయణలు

కృష్ణా డెల్టా దిగువన బిడ్డకు ఇలవేల్పు పేరో, తాత పేరో పెట్టడం ఆనవాయితీ. ఆ పేర్లు కొన్నే కావడంతో ఒకే పేరు వాళ్లు తరతరానా కనిపిస్తారు. వాళ్లను వేరు చేసేది ముందుండే ఇంటిపేరు. అదీ చాలనప్పుడు జనమే ఇంకో పేరు తగిలిస్తారు.

మచిలీపట్నం ప్రాంతం దేశానికి ఇద్దరు వెంకయ్యలను ఇచ్చింది. పింగళి వెంకయ్య 1876లో భట్లపెనుమర్రులో పుట్టారు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు. జపాన్ భాషలో ఉపన్యసించి జపాన్ వెంకయ్య, వజ్రాల గుట్టు తెలిసి డైమండ్ వెంకయ్య అనిపించుకున్నారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా అందించిన ఆయనను జెండా వెంకయ్య అని కూడా పిలిచేవారు. ఒక్క మనిషి ఎన్ని పనులు చేశాడో చెప్పడానికి ఈ నాలుగు పేర్లే చాలు. రెండో ఆయన బందరువాసి రఘుపతి వెంకయ్య నాయుడు. మద్రాసులో ఫోటో స్టూడియో నడిపి, గెయిటీ థియేటర్ కట్టారు. కుమారుడు ప్రకాష్‌తో కలిసి ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీసి తెలుగు సినిమా పితామహుడయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం సినిమా వారికి ఈయన పేరిట పురస్కారం నెలకొల్పింది.

దివిసీమలో కృష్ణారావులున్నారు. ‘కృష్ణా పత్రిక’ సంపాదకులు ముట్నూరి కృష్ణారావు ఒకరు. 1975లో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన అవనిగడ్డ నేత మండలి వెంకట కృష్ణారావు మరొకరు.

సత్యనారాయణల సంగతి చెప్పనక్కర్లేదు. నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ 1970 సంవత్సరపు జ్ఞానపీఠాన్ని తెలుగుకు మొదటిసారి తెచ్చారు. గుడివాడ దగ్గరి కౌతవరంలో పుట్టిన కైకాల సత్యనారాయణ తెరపై యముడై మెప్పించారు, 1996లో మచిలీపట్నం ఎంపీగా గెలిచారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీవేషంలో సత్యభామగా ప్రసిద్ధులు.

ఆ కూచిపూడిలోనే వెంపటి వారింట ఇంటిపేరు కూడా అక్కరకు రాలేదు. ఇద్దరూ సత్యాలే. పెద్దవారు పెదసత్యం, చిన్నవారు చినసత్యం. పెదసత్యం సినిమాలకు నృత్యాలు సమకూర్చారు. ఆయన దగ్గరా మెళకువలు దిద్దుకున్న చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఆ నాట్యాన్ని ప్రపంచ వేదికలెక్కించారు.

నిమ్మకూరు వారి విషయంలో పొడి అక్షరాలు కూడా ఒకటే. 1923లో అక్కడ పుట్టిన నందమూరి తారక రామారావు 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది మేలో హైదరాబాద్‌లో పుట్టిన మనవడికి తాత పేరే దక్కింది. తాత తీసిన ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’లో ఆ బాలుడు నటించాడు, 1997లో ‘రామాయణం’లో తాతకు పేరు తెచ్చిన రాముడి పాత్రే వేశాడు. అభిమానులు పెద్దాయనను అన్నగారు అన్నారు, మనవడిని జూనియర్ అన్నారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ కేంద్రంగా ఏర్పడిన జిల్లాకూ ఎన్టీఆర్ పేరే పెట్టారు. నిమ్మకూరు మాత్రం మచిలీపట్నం కేంద్రమైన కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.