మేడ మీద ఆకుకూరలు

పాతబస్తీలో చాలా ఇళ్లకు పెరడు ఉండదు, మేడ ఉంటుంది. అక్కడ నాలుగు తొట్లు పెడితే మీ రోగికి తాజా ఆకుకూర దొరుకుతుంది. బజారు ఆకుకూర ఏ నీటితో పెరిగిందో మనకు తెలియదు. నగరానికి దిగువన మూసీ మురుగునీటితోనూ ఆకుకూరలు పండిస్తున్నారు.

ముందు కప్పు చూడండి: తడిసిన మట్టి ఘనపుటడుగుకు సుమారు 45 కిలోలు తూగుతుంది. పగుళ్లు, కారడం ఉంటే, లేదా పాత డంగుసున్నం కప్పయితే, ఇంజనీరును అడగనిదే ఏమీ పెట్టవద్దు. మట్టి, వర్మీ కంపోస్టు, కొబ్బరిపొట్టు సమంగా కలిపితే బరువు తగ్గుతుంది.

ఏం వేయాలి: మెంతికూర, తోటకూర, పాలకూర. జానెడు లోతు చాలు. సుమారు నెలకు కోతకు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో షేడ్‌నెట్ కట్టి, ఉదయం, సాయంత్రం నీళ్లు పోయండి.

దోమలు: నిలిచిన నీటిలో డెంగీ దోమ వారం, పది రోజుల్లో తయారవుతుంది. తొట్ల కింది పళ్లాలను వారానికోసారి తోమి ఆరబెట్టండి. డ్రమ్ములపై మూత ఉంచండి.

రోగి విషయంలో జాగ్రత్తలు:
1. మూత్రపిండాల జబ్బు ఉంటే ఆకుకూరల్లోని పొటాషియం ప్రమాదం కావచ్చు. ఎంత పెట్టాలో డాక్టరును అడగండి.
2. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, మానకూడదు.
3. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా మేడ ఎక్కవద్దు. కాలికి దెబ్బ తగిలితే తెలియకపోవచ్చు.

ఇంట్లో పండినదైనా ఆకుకూరను మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, వండి పెట్టండి. ముందు రెండు తొట్లతో మొదలుపెట్టండి. అవి నిలదొక్కుకున్నాక పెంచుకోవచ్చు.